ఫ్రిజ్ మాట జవదాటని మామగారు

ఆ ఇంట్లో మామగారికి ఉన్నది ఒకటే పిచ్చి. వంటింట్లోకి వచ్చిన ఏ తిండి వస్తువూ చెత్తబుట్టలోకి పోకూడదు. వాడిపోయిన క్యారెట్టు కనిపించినా సరే, జబ్బుపడ్డ చుట్టాన్ని పలకరించినట్టు దాని పక్కన కూర్చునేవారు.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన చేతులు ఊరుకుంటాయా? దుకాణం మూసేశాక ఫ్రిజ్ తలుపుకి మాట్లాడే పెట్టె ఒకటి తెచ్చి బిగించారు. లోపల పెట్టే ప్రతిదాన్నీ దానికి చూపించి, అది అడిగిన తేదీ చెప్పాలి. గడువు దగ్గర పడగానే అది ఆడగొంతుతో హెచ్చరిస్తుంది. చెత్తబుట్ట కింద ఇంకో యంత్రం, పారేసింది ఎన్ని గ్రాములో చెప్పడానికి.

"బీన్సు. రేపటితో సరి," అనేది ఫ్రిజ్.

"చిత్తం!" అనేవారు మామగారు, లేచి నిలబడి మరీ.

చెత్తబుట్ట నోరు విప్పితే మాత్రం విచారణ మొదలయ్యేది.

"ఏంటమ్మాయ్ ఆ ముప్పై గ్రాములు?"

"అరటితొక్క, మామయ్యా."

"తొక్కకి అంత బరువా? లోపల పండేమైనా మిగిలిందేమో చూశావా?"

"నేను పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటీ విన్లేదు. దానికి మాత్రం చిత్తమట!" అని కొడుకు గొణుక్కునేవాడు.

కోడలు మందుల షాపులో ఫార్మసిస్టు. పొద్దస్తమానం తేదీలు చూడటమే ఆమె పని. అందుకే ఆ శనివారం ఆమెకి అనుమానం తగిలింది. సోమవారం దాకా గడువున్న పెరుగుని పట్టుకుని ఫ్రిజ్ "ఈ రోజుతో సరి" అంది. మామగారు "చిత్తం" అని, పెరుగునీ బ్రెడ్డునీ గిన్నెల్లోకి మార్చుకుని మేడమెట్లు ఎక్కేశారు. ఖాళీ పెరుగు డబ్బా మీద తేదీ చూస్తే సోమవారం!

"ఇది పనికిమాలిన పెట్టె. వెనక్కి పంపించేస్తాను," అంది మొగుడితో. అన్నదే గాని మనసు కుదుటపడలేదు. గోడ గడియారం అరనిమిషం వెనకబడితే అన్నం సయించని మనిషి, రెండు రోజుల తేడాని ఎలా భరిస్తున్నారు? సంగతేంటో తేల్చుకుందామని తనూ మెట్లెక్కింది.

పైన ఒంటరిగా ఉండేది టైలరు. కుడిచెయ్యి విరిగి నెలరోజులుగా కట్టుతో ఉన్నాడు. మహా అభిమానం గల మనిషి. మొదట్లో ఆమె పంపిన కూర, మూతైనా తియ్యకుండా తిప్పి పంపేశాడు.

"ఏమీ వద్దండీ," అంటున్నాడు లోపల.

"మీకు పెట్టడానికి తెచ్చాననుకున్నారా మాస్టారూ? మా ఫ్రిజ్ ఈ రోజుతో సరి అనేసింది. పారేస్తే చెత్తబుట్ట నా పరువు తీస్తుంది. మీరే గట్టెక్కించాలి!"

"రోజూ ఇదే గొడవా? ఇటివ్వండి," అని ఎడంచేత్తో గిన్నె అందుకున్నాడు టైలరు. "మీ కోడలుగారికి కాస్త కొలత చూసి కొనమని చెప్పండి."

"ఎంత చెప్పినా వినదండీ!"

బయట కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే మామగారి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆయన మొహం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వచ్చారు. "అమ్మాయ్, పెట్టె వెనక్కి పంపేస్తున్నావట. పాపం, మంచిదే అది..."

కోడలు అప్పుడే స్టవ్ మీంచి దింపిన కూరలో ఒక గిన్నెడు తీసి పెట్టెకి చూపించింది.

"ఎప్పుడు వండారు?" అని అడిగింది పెట్టె.

"మొన్న," అంది కోడలు, గిన్నె పొగలు కక్కుతున్నా తడుముకోకుండా.

"కూర. ఈ రోజుతో సరి."

మామగారు గిన్నె వంకా, కోడలి వంకా మార్చి మార్చి చూశారు. ఆమె గిన్నెని సంచిలో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"చిత్తం!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.