ట్యాంకులో పంపు, బయటి పంపు

పడవ ఇంజన్ల మీద మా నల్గొండ గ్రంథాలయంలో ఉన్న పుస్తకాన్ని నేను రెండుసార్లు చదివాను. అందులో లేని ఒక్క మాట కోసం ఇది రాసిపెడుతున్నాను.

రెండోసారి చదువుతున్నప్పుడు, ఎండాకాలం, సాగర్ బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒడిలో పడవ ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న పంపులు రెండున్నాయి. నీళ్లలో పడ్డవాళ్లను కాపాడే స్పీడు బోటు నడుపుతాడట. కళ్లు నిద్ర లేక ఎర్రబడ్డాయి.

“గిది ట్యాంకుల మునిగుండేది, గిది బయట బిగించేది. ఒకటి దుకాణంల వాపసియ్యాలె. ఏది మంచిదో నీ పుస్తకంల ఉన్నదా సారూ?” అన్నాడు.

నాకు హుషారొచ్చింది. లోపలిది పెట్రోలులో చల్లగా ఉంటుంది కనుక అరుదుగా ఆగిపోతుందనీ, బయటిది ఎండకు వేడెక్కి మొరాయించినా బాగుచేయడానికి చేతికందుతుందనీ చెప్పాను. “నడినీళ్లల్ల చేతికందేదే నయమన్నా,” అన్నాను.

“ఇన్నొద్దులు బయటిదే ఉండె. మొన్న ఆగింది. చేతికందింది, జల్దినే బాగుచేసిన.” ఆయన కుడిచెయ్యి పైకెత్తి నెమ్మదిగా ఊపాడు. “అవుతల ఒకాయన గిట్ల ఊపుతుండె. ఇంజన్ మోగేసరికి చెయ్యి కనవడలే.”

నేను పుస్తకం మూశాను.

“ఆగకుండేదే కావాలె సారూ,” అని వాపసిచ్చేందుకు బయటి పంపును సంచిలో వేసి మూతి కట్టేశాడు.

పుస్తకమిచ్చిన లైబ్రేరియన్ యాదగిరి గారికి, బస్సులో సీటు చూపిన కండక్టర్ సుజాతకు కృతజ్ఞతలు. ఆ బోటు నడిపే ఆయన పేరు నేనడగలేదు.