నటన కాని దెబ్బ

టీవీలో నన్ను చూసి మీరు తిట్టుకుంటారు. తిట్టండి, గయ్యాళి పాత్రకు అదే మెప్పు. కానీ ఏళ్ల తరబడి నేను మోస్తున్నది ఆ తిట్లను కాదు. ఒక ఆడపిల్ల తల పగలగొట్టి నేను టీవీలోకి వచ్చాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని మాట ఇది. మీరెవరో నాకు తెలియదు, కాబట్టి మీకు రాసి చెబుతున్నాను.

సత్తుపల్లిలో మాకొక నాటక బృందం ఉండేది. బి.ఏ. చదివినదాన్ని, నోరున్నదాన్ని. అక్కడ నాతో వాదించి నెగ్గినవాళ్లు లేరు. ఆ బృందంలోనే ఉండే సరోజ బొగ్గుగని కార్మికుడి కూతురు, నాకంటే చిన్నది. స్టేజీ మీద ఊరికే నిలబడ్డా జనం దాన్నే చూసేవారు. ఎందుకు? నాకిప్పటికీ అర్థం కాదు. అర్థం కాలేదు కాబట్టే అంత మండింది.

భద్రాచలంలో పగటి ప్రదర్శన. ముందు వరుసలో సీరియల్ డైరెక్టర్. మాలో ఒకరినే తీసుకుంటాడని, ఆ ఒక్కరూ సరోజేనని బృందమంతా ముందే తేల్చేసింది.

నాటకంలో నేను యజమానురాలిని, అది పనిమనిషి. నాకు వీపు పెట్టి స్తంభం పట్టుకుని నిలబడితే నేను కర్రతో రెండుసార్లు కొట్టాలి. మాకొక పద్ధతి ఉంది. కర్ర విసిరే ముందు ఎడమ కాలితో స్టేజీ బల్లను తట్టాలి. వెనక్కి చూడలేని మనిషికి ఆ చప్పుడే ఆధారం. అది వినగానే తల వంచుతుంది, కర్ర పైనుంచి పోయి స్తంభానికి తగులుతుంది.

నేను తట్టలేదు.

మరిచిపోయానా? లేదు. లేవబోయిన కాలిని నేనే ఆపాను. కర్ర చెవి మీద పడింది. పచ్చికొమ్మ విరిగిన చప్పుడు. నెత్తురు మెడ మీదుగా జాకెట్టులోకి దిగింది. జనం నటనే అనుకుని చప్పట్లు కొట్టారు. సరోజ ఏం చేసిందో తెలుసా? తూలుతూనే తన డైలాగు చెప్పింది. "కొట్టమ్మా, నీ చెయ్యి నొచ్చేదాక కొట్టు." చెప్పి, మళ్లీ స్తంభం పట్టుకుంది.

తర్వాత దవాఖానాలో, తలకు కట్టుతో పడుకుని అడిగింది.

"అక్కా, కాలు తట్టలేదేంది?"

"తట్టిన. నీ చెవులేడ పెట్టినవే? డైరెక్టర్ దిక్కు చూసుకుంట నిలబడితే గిట్లనే అయితది."

కాసేపు ఆలోచించింది. "అవ్ అక్కా, ఆయన దిక్కే చూసిన. నాదే తప్పు." నవ్వబోయి దవడ పట్టుకుంది. "పోనీలే, ఇగ నీ తిట్లు సగమే వినపడతయ్."

"నోరు మూసుకొని పండు."

ఆ చెవి మళ్లీ పనిచేయలేదు. పక్క నుంచి అందించే మాట వినపడక సరోజ నాటకాలు మానేసింది. సీరియల్‌కు నన్ను తీసుకున్నారు. ఇప్పుడది బూర్గంపాడులో పిల్లలకు నాటకాలు నేర్పుతోందట. పరాకుగా ఉండి చెవి పోగొట్టుకున్నానని, మీరు అట్లా ఉండొద్దని వాళ్లకు చెబుతోందట. నేనాడిన అబద్ధాన్ని తన తప్పుగా పాఠం చెప్పుకుంటోంది. ఈ సంగతి విన్నాక ఇక ఊరుకోలేకపోయాను.

క్షణికావేశం అనకండి. మొదటి దెబ్బకైతే ఆ సాకు సరిపోతుందేమో, రెండోదానికి? ఆ రెండో దెబ్బ సరోజకు గుర్తే లేదు. తూలి పడిందనుకున్నారు అందరూ. నెత్తురు నా కళ్లముందే కారుతోంది. కర్ర పారేయొచ్చు, తెర దించమనొచ్చు. సరోజ మాత్రం నన్ను నమ్మి, బతికిన చెవితో నా కాలి చప్పుడు కోసం ఎదురుచూస్తోంది. ఈసారి తట్టాను. తల వంచింది. ఎక్కడికి వంచుతుందో నాకు తెలుసు కదా, అక్కడికే గురిచూసి కొట్టాను.

దాని పేరు మార్చలేదు. ఇది చదివితే దానికి తెలియాలి, ఆ తప్పు తనది కాదని. క్షమిస్తుందా అని మీరు నన్నడగొద్దు, నేను దాన్నడగను. చెప్పేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.