నాది కాని కుక్కకు ఆపరేషన్

ఇప్పటికీ మా బంధువుల పెళ్లిళ్లలో నన్ను చూసి చెవులు కొరుక్కుంటారు. సొంత అన్న కుక్కను తీసుకుపోయి, అతనికి చెప్పకుండా ఆపరేషన్ చేయించిన మనిషి ఈవిడేనని. వాళ్లు చెప్పుకునేదాంట్లో సగం కల్పన. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. ముందే ఒప్పుకుంటున్నాను, ఆ కుక్క నాది కాదు. యజమానిని నేనేనని ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టాను. అబద్ధమని తెలిసే పెట్టాను.

నేను గురజాల దగ్గర ఒక ఊళ్లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. గర్భిణులకు సూదులు వేయడం, నొప్పులు మొదలైతే ఆసుపత్రికి తీసుకుపోవడం, ఇక పిల్లలు చాలనుకున్నవాళ్లను ఆపరేషన్‌కు వెంటబెట్టుకుని వెళ్లడం, ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇంట్లో నేనూ మా ఆయనా ఇద్దరమే. మాకు పిల్లలు లేరు.

మా అన్న పిడుగురాళ్లలో ఉంటాడు. సున్నపు బట్టీలకు రాయి తోలే లారీలున్నాయి. కొన్నేళ్ల కిందట ఒక లాబ్రడార్ ఆడకుక్కను పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నాడు. గోధుమరంగు ఒళ్లు, పెద్ద చెవులు. దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టాడు. నాకు ఆ పేరు నోరు తిరగక ‘అమ్మాయ్’ అని పిలిచేదాన్ని. అలా పిలిస్తే గేటు దాకా ఎదురొచ్చేది.

మా అన్న చెడ్డవాడేం కాదు. ఆ కుక్కకు రోజూ గుడ్డు, పెరుగన్నం పెట్టించేవాడు. ఎండాకాలం దాని మీద తడిగోనె కప్పించేవాడు. కానీ అది మొదటిసారి ఎదకు, అదే హీట్‌కి, వచ్చినప్పుడే మగకుక్కతో క్రాసింగ్ చేయించాడు. అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు. ఆ పిల్లల్ని అమ్ముకోలేదు, పంచాడు. క్వారీ యజమానికి ఒకటి, పోలీసు స్టేషన్‌లో ఒకాయనకు ఒకటి, చుట్టాలకు ఒకటి. పంచేకొద్దీ అడిగేవాళ్లు పెరిగారు. ఎవరైనా ఇంటికొచ్చి ‘నాకూ ఒక పిల్లనివ్వన్నా’ అని అడిగితే మా అన్న మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు కోసం ఆ కుక్క నాలుగుసార్లు ఈనింది.

ఇందులో నా పాపం కూడా ఉంది. రెండో ఈతలో ఒక పిల్లను నేనే అడిగి, నాతోపాటు పనిచేసే ఆవిడకు ఇప్పించాను. వాళ్లింట్లో ఏడాది పెరిగాక దానికి గజ్జి పట్టింది, వెంట్రుకలు ఊడిపోయాయి. వాళ్లు కారెక్కించుకుని దాచేపల్లి దాటాక హైవే మీద వదిలేసి వచ్చారు. ఆ సంగతి ఆవిడ రిజిస్టరు రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది. ఆ సాయంత్రమే మా ఆయనా నేనూ బండి మీద వెళ్లి వెతికాం. రోడ్డు పక్కన టీకొట్టాయన, “రెండ్రోజులు ఈడే ఉందమ్మా. కారు ఆగితే చాలు, తోకూపుకుంటా పరిగెత్తేది. తర్వాత కనపళ్లేదు” అన్నాడు. అడిగి మరీ ఇప్పించింది నేనే. ఆవిడను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

నాలుగో ఈతలో తొమ్మిది పిల్లలు పుట్టాయి. అవి మూడు వారాల పిల్లలుగా ఉన్నప్పుడు, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా అన్న ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం వేళ. కుక్క వరండాలో కాళ్లు కర్రల్లా బిగేసుకుని పడి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది, నోట్లోంచి నురగ. పిల్లలు మాత్రం పాలకోసం దాన్ని పీక్కుతింటున్నాయి. మా వదిన పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది.

“ఎండకి అట్టా చేస్తందిలే, నీళ్లు పొయ్యండి” అన్నాడు అన్న.

మా పుట్టింట్లో గేదెలుండేవి. పాలజ్వరం వచ్చిన గేదె ఎలా ఉంటుందో నాకు తెలుసు. “ఇది ఎండ కాదు, ఒంట్లో సున్నం అంతా పాలల్లో పోయింది. కారు తియ్ అన్నా” అని అరిచాను. ఊళ్లో సున్నం బట్టీలు పెట్టుకుని ఇంట్లో కుక్కకు సున్నం లేకుండా చేశామే అనిపించింది. పశువుల డాక్టరు కాల్షియం ఎక్కిస్తుంటే, సీసా ఖాళీ అయ్యేకొద్దీ దాని కాళ్లు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. “మళ్లీ ఈనితే మళ్లీ రావచ్చు. ఇంక వద్దండి, ఆపరేషన్ చేయించండి” అన్నాడాయన. మా అన్న తలూపాడు.

నాలుగు నెలలు పోయాక ఫోన్ చేశాడు. “ఇంట్లో టైల్స్ పని పెట్టుకున్నామే. దుమ్ము చానా లేస్తంది. కుక్కని ఒక నెల నీ దగ్గరుంచు. ఈ తడవ హీట్‌కొస్తే మాచర్ల నుంచి మంచి మగకుక్కని తెప్పిస్తా. ఒకాయనకి మాటిచ్చా.”

“డాక్టరు వద్దన్నాడు గదన్నా?”

“టానిక్ పోస్తన్నాంలే. నీ దగ్గరయితే భద్రంగా ఉంటది.”

ఆ నమ్మకాన్నే నేను వాడుకున్నాను. దాన్ని ఇంకో మాటతో కప్పిపుచ్చను.

కుక్క వచ్చిన పదోరోజు మా ఆయనతో చెప్పాను, దీనికి ఆపరేషన్ చేయిస్తానని. “మీ అన్నని అడిగావా?” అన్నారాయన.

“అడిగితే వద్దంటాడు.”

“అడక్కుండా చేస్తే తప్పు గదా?”

“తప్పే.”

మర్నాడు పొద్దున ఆయనే ఆటో మాట్లాడుకొచ్చి, తనూ ఎక్కారు.

నరసరావుపేటలో పశువుల ఆసుపత్రికి వెళ్లాలంటే పిడుగురాళ్ల మీదుగానే పోవాలి. కుక్కకు ముందురోజు నుంచి తిండి పెట్టలేదు. అది నా ఒళ్లో తలపెట్టి పడుకుంది. బైపాస్ దగ్గర ఆటో అబ్బాయి టీకి ఆపాడు. అక్కడ మా అన్న లారీ నడిపే డ్రైవరు ఎదురయ్యాడు. కుక్కను చూసి గుర్తుపట్టాడు.

“ఇది మా సేటు కుక్క గదక్కా? యాడికి తీసకపోతన్నారు?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. జ్వరమనో, సూదనో. కానీ ఎందుకో నోరు అటు తిరగలేదు. “నరసరావుపేటకు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు” అన్నాను. అతని చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. మేం బయలుదేరేసరికి అతను ఫోన్ చెవిన పెట్టుకుని ఉన్నాడు.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. “కుక్క ఎవరిదండీ?” అని అడిగింది. “నాదే” అని సంతకం పెట్టాను. మత్తు సూది వేశాక దాని తల నా అరచేతిలో బరువెక్కుతూ వచ్చింది. కళ్లు మూతపడేదాకా నన్నే చూసింది. అప్పుడు నాకు భయం వేసింది. నేను ఆపరేషన్‌కు తీసుకుపోయే ఆడవాళ్లు తమ సంతకం తామే పెడతారు, రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. వద్దనుకుంటే బల్ల మీంచి లేచి వెళ్లిపోయిన వాళ్లనూ చూశాను. దీనికి లేచి వెళ్లే వీలు లేదు. దీన్ని ఎవరు అడిగారు? నేనైతే అడగలేదు.

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. కానీ దాని మూతికి గుడ్డ కట్టి, ఇద్దరు మగవాళ్లు కదలకుండా పట్టుకుని, మగకుక్కను తెచ్చి కలిపినప్పుడు కూడా దాన్నెవరూ అడగలేదు. ఆ నాలుగుసార్లు గుర్తుకురాని ధర్మం ఈ ఒక్కసారే గుర్తొచ్చేవాళ్లకు నేను జవాబు చెప్పుకోను.

లోపల ఆపరేషన్ జరుగుతుండగానే అన్న కారు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి మా అమ్మ కూడా దిగింది.

“ఎవుర్నడిగి చేయిస్తన్నావే?” వరండా దద్దరిల్లేలా అరిచాడు అన్న. “నాది గదా కుక్క!”

“నీదే. కాళ్లు బిగేసుకుని చావబోయినప్పుడు కూడా నీదే.”

“నేను మాటిచ్చినాయనకి ఏం జెప్పాల ఇప్పుడు?”

“మా చెల్లెలు సాగనియ్యలేదని చెప్పు.”

అంతలో డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పింది. గర్భసంచిలో చీము పట్టిందనో, గడ్డ కనిపించిందనో, ఇంకో నెల ఆగితే చచ్చిపోయేదనో ఆవిడ అని ఉంటే నా పని సులువయ్యేది. ఆవిడ అలా అనలేదు. అన్న అడిగితే, “సంచి ఆరోగ్యంగానే ఉందండీ” అంది.

“ఇన్నావా? బాగానే ఉందంట! బంగారంలాంటి దాన్ని కోయిచ్చి పారేయించావు” అన్నాడు అన్న.

“బాగున్నప్పుడే ఆపాల. చెడిపోయేదాకా వాడుకుని అప్పుడు ఆపితే అది దయ ఎట్టా అవుద్ది?” అన్నాను.

అప్పుడు మా అమ్మ మాట్లాడింది. అంతసేపూ గోడకానుకుని కూర్చున్న మనిషి, నెమ్మదిగానే అంది. “దేవుడిచ్చిన కడుపు తీయించావు. కన్నదానివైతే తెలిసేది నీకు.”

వరండాలో అందరూ నా వైపు చూశారు. మా ఆయన తల దించుకున్నారు. ఆ మాట బయటివాళ్ల నోట చానాసార్లు విన్నాను, అమ్మ నోట అదే మొదటిసారి. అయినా నేను ఏడవలేదు.

“నేను కనలేదు, నిజమే. కనేవాళ్ల చేతులు పట్టుకుని ఇరవై ఏళ్లు నిలబడ్డానమ్మా. కనడం అంత తేలికైతే వాళ్లు నా చెయ్యి అంత గట్టిగా పట్టుకోరు. కన్నవాళ్లకే తెలుస్తదంటే, నాలుగుసార్లు కన్నది లోపలుంది. దాని కాళ్లు వణికినప్పుడు నువ్వేడున్నావు?”

అన్న కారు తాళం చేతిలో తిప్పుతూ, “ఇంక అది నాకెందుకు? నువ్వే పెట్టుకో” అన్నాడు.

“సరే” అన్నాను. అతను ఆ మాట ఊహించలేదనుకుంటాను. నిలబడి చూసి, అమ్మను ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

అమ్మాయ్ పది రోజులు కుట్లు నాక్కోకుండా మెడకు కట్టిన ప్లాస్టిక్ గొట్టంతో గోడలకూ తలుపులకూ కొట్టుకుంటూ తిరిగింది. కుట్లు మానాయి. తర్వాత తెగ లావెక్కింది. ఆపరేషన్ చేస్తే అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని పొద్దున్నే చెరువుకట్ట దాకా నడిపించి తీసుకొస్తాను. మంచుప్రాంతాల జాతిని తెచ్చి పల్నాడు ఎండలో పెంచడం ఎంతవరకు న్యాయమని ఎవరైనా అడిగితే, న్యాయం కాదనే అంటాను. ఇది వచ్చేసింది గనక పెంచుతున్నాను. ఇలాంటివి ఇంకొన్ని పుట్టించడానికి మాత్రం సాయం చేయను.

మా అన్న ఏడాదిపాటు తనంతట తను నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోగా ఇంకో ఆడ కుక్కపిల్లను తెచ్చాడు, అదే జాతి, ఈసారి నల్లది. సంగతి తెలిశాక సెలవు పెట్టి, పట్టపగలు బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడే చెప్పాను: “ఏడాది నిండకుండా దీన్ని క్రాసింగ్‌కి పంపితే ఊరుకోనన్నా.”

“ఏం చేస్తావు, కేసు పెడతావా అన్న మీద?”

“పెడతా.”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను.

మొన్న మా వదిన ఫోన్ చేసింది. ఆ ఇంట్లో వదిన గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా గుసగుసగానే మాట్లాడింది. నల్లకుక్క హీట్‌కి వచ్చిందట. మాచర్ల నుంచి మగకుక్కను తెస్తున్నారని తెలిసి, దీన్ని పైగదిలో పెట్టి తాళం వేసిందట.

“తాళంచెవి నా దగ్గరే ఉంది. యాడో పోయిందని చెప్పా. మీ అన్న ఇల్లంతా వెతికాడు. మగకుక్కని తెచ్చినోళ్లు చూసి చూసి ఎళ్లిపోయారు. మూడు వారాలు అన్నం, నీళ్లు నేనే పైకి మోశాను. తప్పు చేశానా అమ్మాయ్?”

తప్పో ఒప్పో నేను చెప్పలేదు. నరసరావుపేట డాక్టరమ్మ ఏయే రోజుల్లో ఉంటుందో మాత్రం చెప్పాను.