జలపాతం లేని ఇల్లు

మొన్న మా ముందరి గదిలో దిగిన ఒకామె తలనొప్పి మందు సీసా మూత తీసింది. నేను వంటింట్లో చెనిక్కాయలు వేయిస్తున్నాను. కాయల కమ్మటి వాసనను పక్కకు తోసి ఆ మందు ఘాటు నా ముక్కు దాకా వచ్చింది. చేతిలో గరిటె ఆగిపోయింది. కాయలు ఒక పక్క మాడాయి కూడా. ఆ వాసన వస్తే నాకు తలనొప్పి గుర్తుకు రాదు, రాహేలమ్మ టీచర్ గుర్తుకు వస్తుంది. ఆమె నుదుటి మీద ఆ మందు ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేది. బొట్టు పెట్టని నుదురు కదా, ఆ చోటంతా మందుకే ఇచ్చేసిందని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆమె నవ్వేది కాదు. "నీ నోటికి ఏదన్నా మందుంటే చెప్పు ఓబులమ్మా, అది కూడా పూస్తా" అనేది. మా స్నేహం అట్లాంటిది.

ఆమెను చూడని వాళ్లకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. పొడుగు మనిషి, సన్నగా ఉండేది. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో ఎండాకాలమైనా చలికాలమైనా నల్లటి గొడుగు. మా ఊరు గండికోటకు పోయే దారిలో ఉంది. అక్కడి బడిలో ఆమె చాలా ఏళ్లు చదువు చెప్పింది. మధ్యాహ్నాలు చర్చి వెనక రేకుల గదిలో మా లాంటి పెద్ద ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేది. నేను అక్కడికి చదువు మీద ప్రేమతో పోలేదు. జమ్మలమడుగు పోవాల్సిన దాన్ని తప్పు బస్సెక్కి, ఎక్కడో దిగి, ఎండలో ఏడ్చుకుంటూ తిరిగొచ్చాను. అప్పటికే నా తల సగం నెరిసింది. "ఈ వయసులో నాకు చదువెందుకు టీచరమ్మా" అంటే, "ఈ వయసులో బస్సెక్కడం మానుకున్నావా?" అని అడిగింది. చర్చికి పోతే మతం పుచ్చుకుంటుందని మా వాళ్లు గొణిగారు. ఆ మాట ఆమె చెవిన వేశాను. "నీకు ఏసయ్య సంగతి నేను చెప్పన్లే. క గుణింతం చెప్తా. అది అందరిదీ" అని పలక నా ఒళ్లో పెట్టింది. పొలం పని చేసిన వేళ్లకు బలపం ఆనేది కాదు. ఒత్తి రాస్తే విరిగిపోయేది. విరిగిన ముక్కతోనే రాయమనేది.

నా భర్త నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. బతికుండగా ఆ రాళ్లతోనే మా ఇంటి పక్కన రెండు గదులు కట్టాడు. గోడలు రాయి, నేల రాయి, పైకప్పు కూడా రాయే. ఆయన పోయాక గదులు ఖాళీగా ఉన్నాయి. నాకు పిల్లలు లేరు. అప్పటికి గండికోట చూడటానికి బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ జనం రావడం మొదలైంది. మా మరిది సుబ్బరాయుడి కన్ను ఆ స్థలం మీద పడింది. ఇల్లూ గదులూ ఉన్న చోటు మా రెండు ఇళ్లకూ ఉమ్మడి. టెంట్లు వేసి సందర్శకులకు అద్దెకిచ్చే ఒకాయన ఆ చోటు అడుగుతున్నాడని వచ్చి చెప్పాడు. "ఒక్కదానివి ఈడ ఏం చేస్తావు వదినా? మా ఇంట్లో ఒక మూల ఉందువు, రెండు ముద్దలు మేం పెట్టలేమా" అన్నాడు. చెడ్డవాడు కాడు. కానీ ఒకరి పొయ్యి దగ్గర కూర్చుని వాళ్లు పెట్టింది తినడం నా చేత కాదు. ఆ గదులు నేనే అద్దెకిస్తానన్నాను. వాడు నవ్వి, "ఉగాది దాకా చూస్తా. మనుషులొస్తే నీ ఇష్టం. రాకపోతే టెంట్ల ఆయనకు ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆ సంగతి టీచరమ్మకు చెప్పాను. అప్పటికి ఆమె ఉద్యోగం విరమించి, తన డబ్బుతో ఒక చిన్న కంప్యూటర్ కొనుక్కుని, దాని ముందు కూర్చుని తలనొప్పి తెచ్చుకుంటూ ఉంది. "నీ గదులకు ఒక సైటు పెడదాం" అంది. సైటంటే నాకు ఇంటి స్థలమే తెలుసు. ఉన్న స్థలమే పోయేట్టుంటే కొత్తది ఎందుకన్నాను. ఆమె ఓపికగా చెప్పింది. ఊరు తెలియని వాళ్లు ఫోన్లో చూసుకుని మన ఇంటికొస్తారట. డబ్బు కట్టకుండా సైటు కట్టుకునే చోటు ఒకటి ఆమె వెతికి పట్టింది. పేరు దగ్గర పెద్ద గొడవ జరిగింది. సుబ్బరాయుడు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు, అందులో వ్యూ అనీ రిసార్టు అనీ ఉన్నాయి. టీచరమ్మ "ఎవురిల్లప్పా ఇది?" అని అడిగింది. "మా వదినది." "మరి అదే పెడదాం" అని ఓబులమ్మ ఇల్లు అని కొట్టింది. తెర మీద నా పేరును వేలితో తడిమి చూశాను. ఆమె నా వైపు చూడకుండా సీసా మూత తిప్పుకుంటూ కూర్చుంది.

ఫొటోలకు జమ్మలమడుగు స్టూడియో జిలానీని పిలిచాము. మా చుట్టుపక్కల పెండ్లిళ్లన్నీ అతనే తీస్తాడు. గదులు తీశాడు, నన్ను గుమ్మంలో నిలబెట్టి తీశాడు. వారం తర్వాత తెచ్చి చూపించాడు. మా ఇంటి వెనక ఉన్న బోడి రాళ్లూ జిల్లేడు చెట్లూ లేవు. పచ్చటి కొండ ఉంది, కొండ మీది నుంచి తెల్లగా జలపాతం దూకుతోంది. "కళగా ఉండాది కదమ్మా" అన్నాడు. టీచరమ్మ కూడా అద్దాలు సర్దుకుని "శానా బాగుండాది" అంది. నాకూ బాగుంది. మా దగ్గర పెండ్లి ఫొటో ఏది తీసినా వెనక జలపాతమో, హంసలో ఉంటాయి. అవి పెండ్లి పత్రిక మీద పసుపు లాంటివి. పెండ్లికూతురిని ఎవరూ ఆ నీళ్లెక్కడివని అడగరు. మేమూ అడగలేదు, సైటులో పెట్టేశాము. తర్వాత ఊరి ఆటోల వెనక సైటు పేరు రాయించాము. బస్టాండులో టీ అంగడి గోడకు ఒక కాగితం అంటించాము. టీచరమ్మ తన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఫోన్లో పంపి, "మీరు చూసేది కాదు, ఇంకో పది మందికి చూపించండి" అని బడిలో అదిలించినట్టే అదిలించింది.

మొదటి మనుషులు వచ్చారు. బెంగళూరులో ఉండే తెలుగాయన, ఆయన భార్య. కారు దిగి ఇల్లంతా చుట్టి, వెనక్కి పోయి, మళ్లీ ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన ఫోన్ నా ముందు పెట్టి, "ఈ జలపాతం ఎక్కడండీ?" అన్నాడు.

"యాడుంటాది నాయనా? ఆ ఫొటోలోనే ఉంటాది" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "ఇది మోసం కదమ్మా? ఇంత దూరం దీన్ని చూసే వచ్చాం" అన్నాడు. మోసం అనే మాట మా గుమ్మంలో అంతకుముందు ఎవరూ అనలేదు. అయినా నా నోరు ఊరుకోదు కదా. "తిట్టు నాయనా, తిన్నాక తిట్టు. ఆకలితో ఉండేవాళ్లతో పోట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు" అని రాగి సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి, పప్పు వడ్డించాను. వాళ్లు మొహాలు ముడుచుకునే కూర్చున్నారు. ఈలోపు ఎవరో చెప్పినట్టున్నారు, టీచరమ్మ గొడుగు వేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి, "ఆ బొమ్మ చూసి బాగుందన్నది నేను నాయనా. ఈమెకు కంప్యూటర్ సంగతి తెలీదు. తిట్టాలంటే నన్ను తిట్టు" అంది.

నాకు కోపం వచ్చింది. "నాకు తెలీదని ఎవురు చెప్పినారు? నేనూ బాగుందన్నా. తిట్లు ఇద్దరికీ సమానం" అన్నాను.

"నువ్వు ఊరుకోమ్మే, పెద్దదాన్ని నేను మాట్లాడతాండా."

"పెద్దదానివైతే ఎండలో యాల నిలబడినావు? లోపలికొచ్చి మాట్లాడు."

ఆ బెంగళూరాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. కానీ ముద్ద అయిపోతే ఇంకో ముద్ద అడిగాడు. ఆ రోజు ఉండి, మరునాడు గండికోట లోయ చూసుకుని పోయారు.

నాలుగు రోజులకు టీచరమ్మ కబురు పెట్టింది. సైటులో ఆ బెంగళూరాయన ఏదో రాశాడట. కంప్యూటర్ నా వైపు తిప్పి, "నేను చదవను. నీ ఇంటి మాట, నువ్వే చదువు" అంది. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. 'జలపాతం అబద్ధం. సంగటి నిజం.' ఒక కొత్త మనిషి నా గురించి రాసిన మాట నేను చదవడం నా జన్మలో అదే మొదలు. అందులో అబద్ధం అనే మాట ఉంది. రెండో మాట అప్పుడు నా కంటికి ఆనలేదు. "తీసెయ్ టీచరమ్మా. నా ఇంట్లో తిని నా మొగాన ఉమ్మినట్టుండాది" అన్నాను.

"తీసేసేది ఒక్క నొక్కుడు. తీసేస్తే అబద్ధం రెండోసారి ఆడినట్టు" అంది ఆమె.

"ఇది చూసినోడు ఎవుడొస్తాడు? ఉగాదికి నేను మా మరిది ఇంట్లో మూల కూర్చోవాల్నా?"

ఆమె నుదుటికి మందు రాసుకుంది. వస్తారులే, భయపడొద్దు అంటుందని ఎదురుచూశాను. అనలేదు. "ఏమో ఓబులమ్మా. రాకపోవచ్చు. కానీ వచ్చినోళ్ల ముందర మళ్లా నేను అట్ల నిలబడలేను. నువ్వూ నిలబడొద్దు. జవాబు రాయి, నీ చేత్తో" అని కాగితం ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా రాశాను. 'అయ్యా, జలపాతం లేదు. అది పెండ్లి ఫొటోల్లో పెట్టే బొమ్మ. మాకు అలవాటు, మీకు తెలియదని మాకు తెలియలేదు. మా ఇంటి వెనక రాళ్లు, జిల్లేడు చెట్లు ఉన్నాయి. మధ్యాహ్నం ఎండకు బయట తిరగలేరు. మా బోరు చిన్నది, స్నానానికి మనిషికి ఒక బకెట్టు. గదిలో చల్లటి మిషన్ లేదు. నాపరాయి నేల ఉంది, దాని మీద పడుకుంటే చల్లగానే ఉంటుంది. కోతులు వస్తాయి.' కోతుల మాట టీచరమ్మ కొట్టేస్తుందనుకున్నాను. ఆమె అద్దాల పైనుంచి చూసి, "ఏ పూట వస్తాయో అది కూడా రాయి" అంది. పొద్దున అని రాశాను. ఆమె ఒక్క అక్షరం మార్చకుండా అది సైటులో మొదటి పేజీలోనే పెట్టింది. జలపాతం తీసేసింది. జిలానీ మళ్లీ వచ్చి, మొహం చిన్నబుచ్చుకునే, ఉన్న రాళ్లకు ఉన్నట్టు ఫొటోలు తీశాడు. "ఎట్లుండాదో అట్ల తీసేదానికి నేనెందుకమ్మా" అని కూడా అన్నాడు.

కొన్నాళ్లు ఎవరూ రాలేదు. పొద్దున లేస్తే గదులు ఊడ్చేదాన్ని, సాయంత్రం తాళం వేసేదాన్ని. సుబ్బరాయుడు దారిన పోతూ గదుల వైపు చూసి, ఉగాదికి ఇంకా ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయేవాడు. అది తిట్టిన దానికంటే ఎక్కువ. తర్వాత ఒక పొద్దున హైదరాబాదు ఆడపిల్లలు నలుగురు దిగి, "కోతుల ఇల్లు ఇదేనా అవ్వా?" అని అడిగారు. నేను రాసింది ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పారట. అబద్ధం చెప్పని ఇల్లు ఒకటి దొరికిందని నవ్వుకుంటూ వచ్చామన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఆ బెంగళూరాయన చెప్పి పంపిన వాళ్లు. ఉగాది ముందు టెంట్ల ఆయనను వెంటబెట్టుకుని సుబ్బరాయుడు వచ్చేసరికి రెండు గదుల ముందూ చెప్పులు ఉన్నాయి. కూర్చోవడానికి అరుగు మీద కూడా చోటు లేదు.

"వీళ్లంతా ఎవురు వదినా?"

"మన ఇంటికొచ్చినోళ్లు."

"ఏం చూసి వచ్చినారు? ఈడ ఏముందని?"

"ఏం లేదో చూసి వచ్చినారు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. నాకూ అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. వాడు టెంట్ల ఆయనకు నచ్చజెప్పి పంపేసి, వెనక్కొచ్చి సంగటి తిని, "ఆ వెనక స్నానాల గది రేకు కారుతోంది, మనిషిని పంపిస్తాలే" అని పోయాడు. స్థలం మాట మళ్లీ ఎత్తలేదు.

చివరి రోజుల్లో టీచరమ్మకు చూపు మందగించింది. మధ్యాహ్నం పూట గొడుగు మొనతో దారి తడుముకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చునేది. సైటులో జనం రాసినవి నేను చదివి వినిపించాలి. నేను నేర్పరిని కదా, బాగా రాసినవి చదివి చెడ్డవి దాటేసేదాన్ని. ఆమె వెంటనే పట్టేసేది. "ఊపిరి మింగినావు. ఏదో దాటేసినావు. తిట్టినోళ్లది ముందు చదువు ఓబులమ్మా. తిట్టు వేడిగా ఉన్నప్పుడే పని చెప్తాది. పొగిడింది చల్లారినాక తిన్నా బాగుంటాది" అంది. స్నానాల గది గడియ పడటం లేదని ఎవరో రాస్తే, వడ్రంగి వచ్చి బిగించేదాకా ఆమె ఆ రోజు ఇంటికి పోలేదు. పోయిన ఏడాది, పెద్దగా మంచాన పడకుండానే టీచరమ్మ పోయింది. చర్చిలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె నుదుటి మందు సంగతి చెబితే అందరూ నవ్వారు. అక్కడ అట్లా నవ్వొచ్చో లేదో నాకు తెలియదు గానీ, ఆమె ఉంటే తప్పకుండా నన్ను కసిరేది.

ఇప్పుడు ఫోన్లో నేనే చూసుకుంటాను. మొన్న తలనొప్పి మందు వాసన తెచ్చిన ఆమె పోయేటప్పుడు సైటులో రాసింది. మొదట ఇంటి గురించి ఏదో మంచి మాట ఉంది, దాన్ని వేలితో పైకి తోశాను. కింద, తలగడ రాయిలా ఉంది, మెడ పట్టేసింది అని ఉంది. వినేవాళ్లు లేకపోయినా గట్టిగా చదివాను. తలగడలు రెండూ విప్పి, గడ్డకట్టిన దూది ఎండలో పోసి, వేళ్లతో విడదీసి, మళ్లీ నింపి కుట్టేసరికి పొద్దు వాలింది. చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుని, అప్పుడు పైకి పోయి ఆ మంచి మాట చదివాను. చల్లారిపోయి ఉంది. అయినా బాగుంది.