సందు లేని అచ్చు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. నేను రాయబోయేది కజ్జికాయల గురించే అయినా, అసలు సంగతి నా కోపమే.

ఆటోనగర్‌లో ముప్పై అయిదేళ్ళు లేత్ మిషన్ మీద పని చేశాను. నా చేతిలోంచి వచ్చిన ముక్కకి వంక పెట్టినవాడు లేడు. పెట్టినవాడు మళ్ళీ మా షెడ్డు గడప తొక్కలేదు, అది వేరే సంగతి. ఇంట్లోనూ అంతే. పెళ్ళయిన కొత్తలో మంచినీళ్ళ బిందె పెట్టుకోవడానికి ఇనప స్టాండు చేసి తెచ్చాను. మా ఆవిడ బిందె ఎత్తి పెట్టి చూసి, ఒక కాలు కాస్త పొట్టిదైనట్టుందండీ అంది. బిందె దింపి, ఆ స్టాండు తీసుకెళ్ళి పెరట్లోకి విసిరేశాను. నా అరుపులకి వీధిలోవాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఆ తర్వాత వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కాలు నిజంగానే పొట్టిది. విసిరేటప్పుడే నాకు తెలుసు.

ఆ వారం తర్వాత ఆవిడ నేను చేసిన దేనికీ వంక పెట్టలేదు. తలుపు గడియ చేసినా, దోమతెర కర్రలు బిగించినా, "బాగుందండీ" అనేది. నా చెయ్యి తిరిగిందని సంతోషించాను.

మాది క్రైస్తవ కుటుంబం. డిసెంబరు సగంలో పడితే వాకిట్లో నక్షత్రం కట్టడం నా వంతు, కజ్జికాయలు చేయడం ఆవిడ వంతు. జీడిపప్పు, వేరుశనగ గుళ్ళు విడివిడిగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్దవుతుందట. అందులో వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి కలిపేది. పిండిని పీట మీద పూరీల్లా ఒత్తి, మధ్యలో ఆ పొడి పోసి, సగానికి మడిచి, బొటనవేలితో అంచును నొక్కుతూ మెలిపెట్టుకుంటూ వెళ్ళేది. చర్చిలో పంచడానికి, వీధిలో ఇవ్వడానికి కలిపి రెండు వందలకి తక్కువ చేసేది కాదు. రెండు రోజులు ఆ పీట ముందునుంచి లేచేది కాదు.

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు ఓ సాయంత్రం ఆవిడ వేళ్ళు లాగుతున్నాయని దానితో చెప్పుకుంటుంటే విన్నాను. వన్ టౌన్ బజారులో ప్లాస్టిక్ అచ్చులు గుట్టలుగా పోసి అమ్ముతారు. లేత్ పనివాడి పెళ్ళానికి ప్లాస్టిక్ అచ్చేమిటి? అల్యూమినియం దిమ్మ ఒకటి తీసుకుని, అరచందమామల్లా రెండు గిన్నెలు తొలిచి, మధ్యలో మడతబందు బిగించి, అంచులకి పళ్ళు తీశాను. అచ్చు మూసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, రెండు అంచుల మధ్య నుంచి వెంట్రుకవాసి వెలుతురు కూడా రాలేదు. షెడ్డులో అందరికీ చూపించాను. అంత నిఖార్సయిన పని నేను ఇంజను భాగాలకి కూడా చేయలేదేమో.

ఆవిడ చీర కొంగుతో తుడిచి, తెరిచి మూసి చూసింది. "చాలా బాగుందండీ" అంది.

ఆ ఏడాది కజ్జికాయలు ఎప్పటిలాగే చేత్తో అల్లిన అంచులతోనే వచ్చాయి. అచ్చు ఏమైందని అడిగాను. చేత్తో అలవాటైపోయిందనీ, అలా అయితేనే తనకి కుదురుతుందనీ చెప్పింది. నాకు చురుక్కుమంది. అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఎత్తిపొడిచేవాణ్ణి, మా ఆవిడ కంటికి నా పనితనం ఆనదని. అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది, పళ్ళెం అందిస్తూ.

చివరి నాలుగైదేళ్ళు ఆవిడ వేళ్ళకి కీళ్ళ వాపు వచ్చింది. పొద్దున్నే జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కూడా కష్టమయ్యేది. అయినా డిసెంబరులో పీట ముందు కూర్చునేది. పది కజ్జికాయలకోసారి గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముంచుకుని, తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. పోయిన క్రిస్మస్‌కి అది చూడలేక నేనో మాట అన్నాను. "అచ్చు అటక మీద పెట్టుకుని నొప్పని ఏడిస్తే నేనేం చేసేది? పడు." ఆవిడ ఏడవలేదు. నొప్పి అని అనలేదు కూడా.

ఆగస్టులో ఆవిడ పోయింది. గుండెపోటు. ఆటో ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది.

దసరాకి ఎదురింటి ఆవిడ పళ్ళెం నిండా బూరెలు, గారెలు పంపింది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ పండక్కి వాళ్ళు, మా పండక్కి మేము ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. ఖాళీ అయిన ఆ పళ్ళెం మా వంటింటి గట్టు మీద అలాగే ఉండిపోయింది. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని మా ఆవిడ పట్టింపు. గుడివాడలో ఉన్న మా అమ్మాయి, క్రిస్మస్ ముందు రోజు తాను వచ్చేటప్పుడు కజ్జికాయలు తెస్తానంది. వద్దన్నాను. నేనే చేస్తానన్నాను. నా అచ్చు ఎలాంటిదో చూపించాలని నాకో పంతం కూడా ఉంది. ఎవరికి చూపించాలో మాత్రం ఆలోచించలేదు.

అమ్మాయి ఫోన్లో కొలతలు చెప్పింది. క్రిస్మస్‌కి వారం ఉందనగా, ఓ మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలుపెట్టాను. అచ్చు అటక మీద పాత దిండుగలీబులో చుట్టి ఉంది. ఎక్కడా మచ్చ లేదు. కొబ్బరినూనె పట్టించి దాచినట్టుంది, చేతికి జిడ్డు తగిలింది. రోట్లో పప్పులు దంచడానికే నా భుజం పట్టేసింది. పిండి కలిపాను, పూరీలు ఒత్తాను. అచ్చులో వేసి, పొడి పోసి మూస్తే, బయటికొచ్చిన కజ్జికాయ ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. అన్నీ ఒకే కొలత, అన్నిటికీ ఒకేలా పళ్ళు. చూశావా అని పైకే అన్నాను.

ఆరు కజ్జికాయలు మూకుట్లో వేశాను. అవి పైకి తేలాయి, పొంగాయి, ఆ తర్వాత ఒక్కొక్కటీ అంచు దగ్గర నోరు తెరిచింది. లోపలి పొడంతా నూనెలోకి పోయింది. పంచదార మాడి, వంటిల్లంతా పొగ కమ్మింది. మంట ఎక్కువైందనుకుని, నూనె వడగట్టి, సన్నటి సెగ మీద మరో ఆరు వేశాను. అవీ విచ్చుకున్నాయి. మూడో వాయికి అంచు తడి చేసి చూశాను. అదే వరస.

అప్పుడు వేయించని కజ్జికాయ ఒకటి చేతిలోకి తీసుకుని, అద్దాలు పెట్టుకుని అంచు చూశాను. పిండి అతుక్కోలేదు. తెగింది. కత్తితో కోసినట్టు శుభ్రంగా తెగింది. అచ్చు మూసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. వెంట్రుకవాసి వెలుతురు కూడా లేదు. రెండు పొరల పిండి నొక్కుకుని అతుక్కోవాలంటే, అంచుల మధ్య ఆ పిండి పట్టేంత సందు ఉండాలి. కదిలే రెండు ముక్కల మధ్య ఎంత సందు వదలాలో షెడ్డులో అందరికీ నేర్పినవాణ్ణి నేను. ఇక్కడ నా గొప్ప కోసం అస్సలు వదల్లేదు.

అమ్మాయికి ఫోన్ చేశాను. మీ అమ్మ ఎప్పుడైనా ఈ అచ్చు వాడిందా అని అడిగాను.

"మొదటి ఏడాదే చేసింది నాన్నా. అన్నీ నూనెలో విచ్చిపోయాయి. మాడినవి మేమిద్దరం కూర్చుని తినేశాం. మళ్ళీ పిండి కలుపుకుని చేత్తో చేసింది. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది."

"ఎందుకు చెప్పొద్దంది?"

"నీకు తెలీదా నాన్నా?"

వాళ్ళమ్మ చేతులు వాచిన తర్వాత ప్లాస్టిక్ అచ్చు ఒకటి కొనిస్తానని అమ్మాయి అందట. అది ఇంట్లో కనబడితే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, వద్దులే అందట మా ఆవిడ. ఇంకా ఏదో చెబుతుంటే, మూకుడు పొయ్యి మీద ఉందని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను.

పనిముట్ల పెట్టెలోంచి ఆకురాయి తీసి, వాకిట్లో కూర్చుని, అచ్చు అంచుల్ని లోపలి వైపు నుంచి అరగదీశాను. అల్యూమినియం మెత్తటి లోహం, మాట వింటుంది. మధ్య మధ్యలో పిండి పెట్టి మూసి చూసుకుంటూ, రెండు పొరలు పట్టేంత సందు వచ్చేదాకా అరగదీశాను. అరగంట కూడా పట్టలేదు. పద్ధెనిమిది క్రిస్మస్‌లు ఆవిడ వేళ్ళు విరుచుకుంది. నేను చేయాల్సింది అరగంట పని. ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. ఆ ఒక్క మాట చెప్పే వీల్లేకుండా చేసింది నేనే. అచ్చు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. వీధిలో వెళ్ళేవాళ్ళు చూశారు. చూడనీ అనుకున్నాను.

పొద్దు వాలేలోపు మిగిలిన పిండితో పాతిక అయ్యాయి. ఒక్కటీ విచ్చుకోలేదు. చల్లారాక ఒకటి కొరికితే పన్ను దిగలేదు. పిండిలో కాచిన నెయ్యి పొయ్యమని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. మర్చిపోయాను. పై పొర చెక్కముక్కలా ఉంది. అయినా పళ్ళెంలో సర్ది ఎదురింటికి తీసుకెళ్ళాను.

ఎదురింటి ఆవిడ కళ్ళొత్తుకుంది. మీరే చేశారా అన్నయ్యగారూ అంటూ, నా ముందే ఒకటి తీసుకుని కొరికింది. మొదట విరగలేదు. పక్క పళ్ళతో పట్టి విరిచి, చాలాసేపు నమిలింది.

"ఎలా ఉన్నాయమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను.

ఆవిడ నమలడం ఆపి, ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లోంచి నా అరుపులు వింటున్న మనిషి.

"బాగున్నాయండీ" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో దాన్ని మెచ్చుకోలు అనుకుని బతికాను.