అవ్వ పాదాలే పీట

ఒకప్పటి మా ఎదురింటి అవ్వ పోయిందని ఆమె కోడలు పొద్దున్నే ఫోన్ చేసింది. "నిద్దట్లోనే పోయినాది అక్కా. ఎవురికీ కష్టం ఇయ్యలే" అంది. "అట్లాగా" అన్నాను గానీ ఏడుపు రాలేదు. ఈ వయసులో కన్నీళ్ళు కూడా మోకాళ్ళలాగే మొరాయిస్తాయి. పోదనూరు బస్సెక్కి కూర్చున్నాక వచ్చాయి. ఆమె నాకు చుట్టం కాదు. ఆ తమిళ ఊళ్ళో మిల్లు లైను ఇళ్ళలో మా గడపకు ఎదురు గడప, అంతే. అయినా నా ఉద్యోగం నిలబెట్టింది ఆమే.

అప్పుడు నా కొడుక్కి రెండేళ్ళు నిండాయి. మా ఆయనది రాత్రి షిఫ్టు, నాది నూలు చుట్టే చోట పగటి షిఫ్టు. అంతవరకూ బిడ్డను చూసిన మా అమ్మ, తమ్ముడి దగ్గరికి కంబం వెళ్ళిపోయింది. నేను సెలవు పెట్టాను. ఇక మిల్లులోని పిల్లల గదే దిక్కు. అక్కడి ఆయా మాత్రం ఖండితంగా చెప్పేసింది: గుడ్డలు తడిపే బిడ్డను తేవద్దు, ఒంటికో రెంటికో వస్తే చెప్పగలగాలి. మేస్త్రీ సెలవు పెంచనన్నాడు. వాడు నేర్చుకోకపోతే నేను పని మానుకోవాల్సిందే.

వాడికేమో చెప్పడమే తెలీదు. పొయ్యి దగ్గర, బిందె పక్కన, పగలు పడుకున్న వాళ్ళ నాన్న చాప మీద, ఎక్కడ పడితే అక్కడే. ఉతికిన పొత్తిగుడ్డలు ఆరేలోపు ఇంకో కుప్ప. లైను చివరి కక్కూసుకు తీసుకెళ్తే ఆ చీకటికీ గుంతకూ జడిసి బిగుసుకుపోయేవాడు, ఇంటికొచ్చాక వదిలేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. ఒకరోజు కుళాయి దగ్గర గుడ్డలు పిండుతూ పిండుతూ గోడకానుకుని నిద్రపోయాను. అవ్వ వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుంది.

"ఏం కన్నూ, నువ్వు ఉతికితే బిడ్డ నేర్చుకుంటాడా? వాణ్ణి నాకియ్యి" అంది.

లైనులో ఆమె పాదాల మీద కూర్చోని బిడ్డ లేడు. ఇళ్ళ ముందు మురుగుకాలువ గట్టున కాళ్ళు చాపి, రెండు పాదాలూ కాస్త ఎడం చేసి, వాటి మీద బిడ్డను తన వైపు తిప్పి కూర్చోబెట్టుకునేది. ఇక వాడికి గుంత భయం లేదు, కళ్ళెదుట వక్కాకు నమిలే అవ్వ మొహమే. అదీ సరిగ్గా మిల్లు సంగు, అదే సైరను, ఊదే వేళకే. షిఫ్టు మారే ఆ కూతకే మా పొయ్యిలు అంటుకునేవి, మగవాళ్ళు లేచేవాళ్ళు. "మనకంతా సంగే గదా గడియారం, వాని కడుపుకు మాత్రం ఏమిటికి వద్దు?" అనేది. మిల్లులో సంగు కూత, ఇక్కడ ఆమె "ఉస్స్..." కొన్నాళ్ళకు సంగు వినపడగానే వాడే చెడ్డీ పట్టుకుని ఆమె దగ్గరికి పరుగెత్తేవాడు. నేను గుడ్డలు మడిచి పెట్టెలో పెట్టేశాను.

అంతలో కూలి గొడవొచ్చి మిల్లుకు తాళం పడింది. సంగు ఆగింది. వీడి కడుపూ లాకౌట్ ప్రకటించింది. రోజంతా బిగబట్టి, మెలికలు తిరిగి, చివరికి చాప మీదే. గుడ్డలు మళ్ళీ తీగెక్కాయి. మిల్లు ఏ రోజైనా తెరవొచ్చు, నేను పోయేదెలా? తిట్టే ఓపిక కూడా లేక గడప మీద కూలబడ్డాను.

అవ్వ నుదురు కొట్టుకుని నవ్వింది. "తప్పు నాదే కన్నూ. పాలు మరవని బిడ్డను మిల్లులో చేర్చేసినా!" వాణ్ణి పిలిచి, వాడి అరచెయ్యి వాడి పొట్ట మీదే పెట్టింది. "సంగు పోతే పోనీరా. లోపల ఒకడుండాడు. వాడు గుడగుడా అంటాడు. వాడు పిలిచినంక దా, ముందు రావద్దు."

ఆ తర్వాత ఆమె వాణ్ణి పిలవనే లేదు. నేను ఊరుకోలేక "వస్తోందా" అని అడగబోతే నోటి మీద వేలు పెట్టేది. "నువ్వడిగితే నువ్వే సంగు అయిపోతావు" అనేది. కాళ్ళు చాపుకుని బియ్యం ఏరుకుంటూ ఎంతసేపైనా అలా కూర్చునేది. నాకు లేని ఓపికంతా ఆమె దగ్గరుంది. ఒక మధ్యాహ్నం వాడు ఆటలోంచి లేచి, పొట్ట మీద చెయ్యేసుకుని వచ్చాడు. "అవ్వా, వాడు పిలస్తా ఉండాడు." ఆమె చేట పక్కన పెట్టింది. నేనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మిల్లు తెరిచారు. ఆయాకు తమిళం తప్ప రాదు, వీడికి ఇంటి తెలుగే. "మాట వద్దు. ఆమె కొంగు లాగు, పొట్ట చూపించు" అని నేర్పి పంపింది అవ్వ. ఆ రోజంతా తెగిన దారాలు కడుతూనే ఉన్నాను, చెవులు మాత్రం పిల్లల గది వైపే. ఎవరూ పిలవలేదు. సాయంత్రం వాణ్ణెత్తుకుని గేటు దాటితే ఎదురుగా అవ్వ. మధ్యాహ్నం నుంచీ అక్కడే నిలబడి ఉందట. వాడి చెడ్డీ వెనక చెయ్యి పెట్టి చూసింది. పొద్దున తొడిగినదే, పొడిగా ఉంది.

"పోదాం రా అవ్వా" అన్నాను.

"ఉండు కన్నూ, కొంజం కూచోనీ. కాళ్ళు లాగతా ఉండాయి" అంటూ మిల్లు గోడకానుకుని కాళ్ళు చాపింది. వాడు నా చంక దిగి, అలవాటుగా ఆ పాదాల దగ్గరికి పోయాడు. కాసేపు వాటి వైపు చూశాడు. కూర్చోలేదు. ఆమె పక్కన చేరి, గోడకానుకుని, ఆమెలాగే తన చిన్న కాళ్ళు చాపుకున్నాడు.