బిగించి, పదిదాకా

సెల్‌ఫోన్లు ఇంకా మగాళ్ళ జేబుల్లోనే ఉన్న రోజులు. మూడో కాన్పు తర్వాత నా మూత్రసంచి నా మాట వినడం మానేసింది. తుమ్మితే కారేది, నవ్వితే కారేది. మునగపాక వెళ్ళే ఆటో గోతిలో పడితే సరేసరి. అదంతా ఓర్చుకున్నాను. కానీ చర్చి క్వయర్‌లో పై స్వరం ఎత్తినప్పుడు కూడా కారడం మొదలయ్యేసరికి ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో నాకున్న గొప్పల్లా ఆ గొంతే. క్రిస్మస్‌కి సోలో నాదే. ఇలాగైతే మానేయాల్సిందే అనుకుని ఏడ్చాను కూడా.

చివరికి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పరీక్ష చేసి, "పెళ్ళి భోజనాల్లో గ్యాస్ వస్తే ఎలా ఆపుకుంటారు? అలా లోపల పైకి బిగించి, పదిదాకా లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మూడు నెలలు ఓపిక పట్టండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి," అంది.

ముగ్గురు పిల్లలున్న ఇంట్లో పదిదాకా లెక్క ఎవరు సాగనిస్తారు? ఎలాగో తంటాలు పడేదాన్ని. తీరిగ్గా చేసేది మాత్రం చర్చిలో గురువారం స్త్రీల ప్రార్థన కూడికలోనే. పాస్టరమ్మగారు మోకరించి కళ్ళు మూసుకుంటే అరగంటకి తక్కువ కాదు. నాతవరం రోగులతో మొదలుపెట్టి ప్రధానమంత్రి దాకా అందరినీ దేవుడికి అప్పజెప్పేవారు.

ఒక గురువారం డాక్టరు మాట మరిచి, పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి చేస్తున్నాను. మొహం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. ఆమెన్ అని కళ్ళు తెరిచిన పాస్టరమ్మగారికి నేనే కనపడ్డాను.

"ఏటమ్మా, ఇంత భారంతో ప్రార్థన సేత్తన్నావు! లే, ప్రభువు నీకేటి సేసేడో సాక్ష్యం సెప్పు."

సాక్ష్యం చెప్పమన్నాక కదలకుండా కూర్చోవడం మాలో కుదరదు. అబద్ధమాడదామనే లేచాను. చేతిలో బైబిలుంది. అది పట్టుకుని అబద్ధం నోట రాలేదు. ఉన్నదంతా కక్కేశాను, పెళ్ళి భోజనాల గ్యాస్‌తో సహా.

ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఇక క్వయర్‌లోంచి పీకేస్తారనే అనుకున్నాను.

పాస్టరమ్మగారు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు. "నాకూ అంతేనమ్మా. లేసేటప్పుడు కారిపోద్ది. అందుకే ఆమెన్ అనాలంటే బయ్యం," అన్నారు.

అందరం పగలబడి నవ్వాం. నవ్వి, సగం మందిమి కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నాం. ఆ వారం నుంచి కూడికలో ముందు లెక్క, తర్వాత ప్రార్థన. "ఊపిరి బిగబట్టకండే!" అని నేనే అరిచేదాన్ని.

క్రిస్మస్ నాడు పై స్వరం ఎత్తాను, ఎత్తి నిలబెట్టాను. చుక్క రాలలేదు. ముందు వరసలో పాస్టరమ్మగారు నా మొహం వదిలేసి కుచ్చిళ్ళ వైపే చూస్తున్నారు. పాడుతూనే తలూపాను. ఆవిడ హల్లెలూయ అని కేకేసి, అందరికంటే ముందు దిగ్గున లేచి నిలబడ్డారు.